బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు: మా బాబుతో ఏ భాషలో మాట్లాడాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబుకు అయిదేళ్లు నిండాయి. నిరుడు ఆటిజం అని తేల్చారు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు. దాహం వేస్తే నా దగ్గరికొచ్చి "నీళ్లు తాగుతావా?" అని నన్నే అడుగుతాడు. ఫోన్లో విన్న ప్రకటనలు, స్టేషన్లో విన్న అనౌన్సుమెంట్లు పొల్లు పోకుండా చెప్తాడు గానీ "అమ్మా" అని మాత్రం పిలవడు. గుణుపురం రైలు ఆగే ఊళ్లన్నీ వరసగా అప్పజెప్తాడు. ఇంట్లో మేమూ మా అత్తగారూ తెలుగే. బడి ఒడియా. ఈమధ్య చూపించిన స్పీచ్ థెరపిస్టు, రెండు భాషల వల్ల వాడు గందరగోళపడుతున్నాడు, తెలుగు పూర్తిగా మానేసి ఇంట్లో కూడా ఒడియానే మాట్లాడండి అన్నారు. మా అత్తగారికి ఒడియా రాదు. నాది బజారు ఒడియా. అప్పట్నుంచి ఇంట్లో అందరం నోళ్లు కట్టేసుకున్నట్టుంది. మొన్న రథయాత్రలో వాడు చెవులు మూసుకుని నేల మీద పడి కేకలు పెడితే, బంధువులు మొండితనమన్నారు, పెంపకం బాగోలేదన్నారు. రెండు భాషలు మాట్లాడి మేమే వాణ్ణి పాడుచేశామా? ఎప్పటికైనా నన్ను అమ్మా అంటాడా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారిని మళ్లీ మాట్లాడమనండి. ఇవాళ్టి నుంచే, తెలుగులోనే.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఉన్నది ముదరదు. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లల్నీ, ఒకే భాష వినే ఆటిజం పిల్లల్నీ పోల్చి కెనడాలోనూ మరికొన్ని దేశాల్లోనూ పరిశీలనలు చేశారు. రెండో భాష వల్ల మాట ఇంకాస్త ఆలస్యమైనట్టు వాటిలో తేలలేదు. ఒకే భాష పట్టుకోమనడం ఒకప్పుడు డాక్టర్లు, థెరపిస్టులు చాలామంది ఇచ్చిన సలహానే. మంచి ఉద్దేశంతోనే ఇచ్చేవారు, ఇప్పటికీ కొందరు ఇస్తున్నారు. కానీ దాని వెనక గట్టి ఆధారం లేదు.

ఆధారం లేకపోవడం ఒక ఎత్తు, దానివల్ల ఇంట్లో జరిగే నష్టం ఇంకో ఎత్తు. మీరు ఒడియాలో కూరగాయలు బేరం చేయగలరు, బడిలో టీచరమ్మతో రెండు ముక్కలు మాట్లాడగలరు. నిద్ర లేపేటప్పుడు, తల దువ్వేటప్పుడు, కోపమొచ్చినప్పుడు, నవ్వొచ్చినప్పుడు మీ నోటికి వచ్చేది తెలుగే. ఆ వేళల్లో పడే మాటలే పిల్లవాడికి అసలు మాటలు. వెతుక్కుని మాట్లాడే భాషలో మాటలూ తగ్గుతాయి, గొంతులో ఎత్తుపల్లాలూ పోతాయి. ఇక నాయనమ్మ సంగతి. చెప్పిందే చెప్పడం, పాడిందే పాడడం, తొందర లేకుండా మాట్లాడడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య. మీ బాబుకు కావలసింది అచ్చంగా అదే. డబ్బిచ్చి అలాంటి మనిషిని తెచ్చుకోలేం, ఇంట్లో ఉన్న మనిషి నోరు మూయిస్తే ఎలా?

1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. అప్పట్నుంచీ మీ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు రెండు భాషల మధ్యే పెరుగుతున్నారు. మీ బాబుకు మాత్రం ఒక చెవి మూసుకోమంటే కుదరదు. బడి మాటలు బడి భాషలో రానివ్వండి. మంచినీళ్లను బడిలో "పాణి" అని నేర్చుకుని ఇంట్లోనూ "పాణి" అంటే గ్లాసు ఇచ్చేయండి. "నీళ్లు అను, నీళ్లు అంటేనే ఇస్తా" అని పట్టుబట్టొద్దు. ఇస్తూ "ఆఁ, నీళ్లు" అని ఒక్కసారి అంటే చాలు. బడి టీచరుకు కూడా ఒక చీటీ రాసివ్వండి: వాడు వాడే తెలుగు మాటలు, వాటి అర్థం ఒడియాలో. "ఒంటికి" అంటే వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ టీచరుకు తెలియకపోతే ఇబ్బంది వాడికే.

పెంపకం అన్నవాళ్ల గురించి రెండు మాటలు. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండు మంది పిల్లల్ని గమనించి ఆటిజాన్ని మొదటిసారి వివరంగా రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి పెద్ద పెద్ద నిపుణులే, తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల పిల్లలు ఇలా అవుతారని తల్లుల్ని ఆడిపోసుకున్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన కొడుక్కీ ఆటిజమే, ఆ వాదాన్ని గట్టిగా ఖండించాడు. ఇవాళ ఆ మాట ఎవరూ నిలబెట్టరు. ఆటిజం మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా, పుట్టకముందే మొదలవుతుంది, వంశంలో వచ్చే జన్యువుల పాత్ర అందులో చాలా ఉంది. చదువుకున్న డాక్టర్లే అంతకాలం పొరబడ్డారు కాబట్టి మీ బంధువుల్ని పెద్దగా తప్పుపట్టను గానీ, వాళ్ల మాట మీరు మోయక్కర్లేదు.

కానర్ చూసిన ఆ పిల్లల్లోనూ మీరు రాసిన లక్షణమే ఉంది. విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి చెప్పడం, "నేను" అనాల్సిన చోట "నువ్వు" అనడం. మీ బాబు "నీళ్లు తాగుతావా?" అన్నప్పుడు మిమ్మల్ని ప్రశ్నించడం లేదు. నీళ్లు వచ్చే ముందు ఎప్పుడూ ఆ మాట వినపడుతోంది, ఆ మాట అంటే నీళ్లు వస్తాయి, అంతే వాడి లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు. విడివిడి మాటలు కూర్చుకుని వాక్యం చేయడం కాకుండా వాక్యాన్ని ముద్దగా మింగి, ముద్దగానే బయటికి తెస్తున్నాడు. చాలామంది ఆటిజం పిల్లలకు మాట వచ్చే దారి ఇదే. చాలామందిలో మెల్లగా ఆ ముద్ద విడుతుంది, ముక్కలు మారతాయి.

మీరు చేయగలిగింది, వాడి నోట ఏ మాట ఉండాలో ఆ మాటే మీరూ అనడం. "తాగుతావా", "తింటావా", "వస్తావా" లాంటివి మనిషిని బట్టి మారిపోతాయి. మీరు తాగుతావా అంటే వాడు తాగుతాను అనాలి, ఆ తిప్పడమే వాడికి కష్టం. "కావాలి", "వద్దు", "చాలు", "ఇంకా", "అయిపోయింది" ఎవరన్నా ఒకేలా ఉంటాయి. వాటితో మొదలుపెట్టండి. గ్లాసు చూపిస్తూ "నీళ్లు కావాలి" అని వాడి బదులు మీరే అని, వెంటనే ఇవ్వండి. తాగడం అయ్యాక "చాలు". వాడు అనకపోయినా ఇవ్వాల్సిందే. దాహమేసిన బిడ్డకు నీళ్లు ఆపి మాట నేర్పడం నాకు ఇష్టం లేదు, దానివల్ల అలక వస్తుంది తప్ప మాట రాదు.

ప్రకటనల మాటలూ అంతే. వాటిని పిచ్చి కూతలని మానిపించకండి. ఏ ప్రకటన ఎప్పుడు అంటున్నాడో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ముందు ఏం జరిగింది, ఏమన్నాడు, తర్వాత ఏం చేశాడు. ఓపిగ్గా కొన్నాళ్లు రాస్తే వరస కనపడుతుంది. "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ" అనేది మీరు చెప్పులు తొడుక్కున్నప్పుడల్లా వస్తోందనుకోండి, అది బయటికి వెళ్తున్నామా అని అడగడం కావచ్చు. లేదా వెళ్లాలంటే భయంగా ఉందని చెప్పడం కావచ్చు. ఏదో మీకే తెలుస్తుంది, నాకు ఇక్కడ కూర్చుంటే తెలియదు. తెలిశాక దానికి జవాబివ్వండి: "ఆఁ, బయటికి వెళ్తున్నాం. బజారుకు."

రైలు మీద మోజును మానిపించమని ఎవరైనా అంటే వినకండి. నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. ఈ వరసలో వాడు తిరుగులేని పండితుడు. పిల్లవాడికి పట్టున్న చోటే మనం వెళ్లి కూర్చోవాలి. వాడు "నౌపడ" అనగానే మీరు "టెక్కలి" అనండి. వాడు తలెత్తి చూస్తే ఆట మొదలైనట్టే. తర్వాత ఒక స్టేషను కావాలని వదిలేసి "పాతపట్నం... కాశీనగర్" అనండి. వాడు దిద్దుతాడు చూడండి! ఒకరు అన్నాక ఇంకొకరు అనడం, ఆగడం, ఎదుటివాళ్ల వంతు కోసం చూడడం, సంభాషణంటే ఇదే. పీట వెనక పీట వేసి రైలు చేసి, నాయనమ్మను టెక్కలిలో ఎక్కించండి, టిక్కెట్టు అడగమనండి. "ఎక్కు", "దిగు", "ఆగింది", "వెళ్లింది" అన్నీ ఆటలోనే వస్తాయి. ఫ్లాష్ కార్డుల మీద ఏనుగు, ఒంటె చూపించి "ఇదేంటి, ఇదేంటి" అని గంటసేపు వేధించడం కంటే ఈ ఆట నయం.

ఆ వేధింపు చుట్టాలొస్తే మరీ ఎక్కువ. "నీ పేరేంటి? మీ నాన్న పేరేంటి? ఏదీ, షేక్‌హ్యాండ్ ఇవ్వు." వాణ్ణి పరీక్షకు కూర్చోబెట్టొద్దని మీరే ముందుగా చెప్పండి. ప్రశ్నలు తగ్గించి, వాడు చూస్తున్నదాన్ని చూసి ఒక మాట అనడం ఎక్కువ చేయాలి. వాడు ఫ్యాను చూస్తుంటే "ఫ్యాను తిరుగుతోంది". అంతే, జవాబు ఆశించకుండా. ఏదైనా అడిగితే మాత్రం ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకునేంత సేపు. మనం అడిగింది వాడి బుర్రలోకి వెళ్లి, అర్థమై, జవాబు తయారయ్యేలోపే మళ్లీ అడిగేస్తాం, ఇంకో విధంగా అడుగుతాం, గొంతు పెంచి అడుగుతాం. ప్రతిసారీ వాడు మొదటికి రావాలి.

కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పకండి. చూస్తూ వినడం చాలామంది ఆటిజం పిల్లలకు కష్టం, కొందరికి బాధ కూడా. పక్కకు చూస్తూనే మీరన్నది వింటున్నాడేమో గమనించండి.

మన మాటల్లో డొంకతిరుగుడు ఎంత ఉంటుందో ఇలాంటి పిల్లవాడు ఇంట్లో ఉంటే గానీ తెలియదు. "స్నానం చేద్దామా?" అంటాం, "వద్దు" అంటే కోప్పడతాం. వాడు నిజాయితీగా జవాబిచ్చాడు, అడిగింది మనం. చేయక తప్పని పనికి "ఇప్పుడు స్నానం. తర్వాత రైలు" అని చెప్పండి. వాళ్ల నాన్న కొట్టుకో ఆఫీసుకో బయల్దేరుతూ "వస్తానురా" అంటారా? వెళ్తూ వస్తాననడం మనకు మర్యాద. మాటను మాటగానే తీసుకునే పిల్లవాడు గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు. "నాన్న వెళ్తున్నాడు. రాత్రి అన్నం వేళకు వస్తాడు" అంటే సరిపోతుంది. "పోలీసుకు పట్టిస్తా", "వదిలేసి వెళ్లిపోతా" లాంటివి ఏ పిల్లలకూ మంచివి కావు, వీడి దగ్గర అస్సలు పనికిరావు.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద ప్రశ్న. "అమ్మా" అంటాడా? అంటాడని మాటివ్వలేను. అయిదేళ్ల తర్వాత మాట పెరిగిన పిల్లలు చాలామంది ఉన్నారు, నోటి మాట అంతగా రాకుండా వేరే దారుల్లో చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. వాడికి ఇన్ని ఊళ్ల పేర్లు పలికే నోరుంది కాబట్టి ఆశకు చోటు బాగానే ఉంది. ఒకటి మాత్రం గమనించండి: మీ ఇంట్లో "అమ్మా" ఎవరెవరికి వాడుతున్నారు? మీ ఆయన వాళ్లమ్మను అమ్మా అంటారు. పాలబ్బాయి మిమ్మల్ని అమ్మా అంటాడు. మీరు మీ పుట్టింటికి ఫోన్ చేసి అమ్మా అంటారు. వాణ్ణి బుజ్జగిస్తూ "రామ్మా, తినమ్మా" అంటారు. అలాగే వాణ్ణి "నాన్నా" అంటారు, వాళ్ల నాన్ననూ నాన్న అంటారు. కొన్నాళ్లు వాడి ముందు "అమ్మ" అంటే మీరొక్కరే అన్నట్టు అందరూ సర్దుకోండి. "ఇది అమ్మకివ్వు", "అమ్మ వచ్చింది". మీ ఫొటో ఒకటి వాడి ఎత్తుకు గోడకు అంటించండి. వాణ్ణి కూడా నాన్నా, చిన్నా, రాజా అని నాలుగు పేర్లతో కాకుండా ఒకే పేరుతో పిలవండి. పిలిచి ఊరుకోకుండా, పిలిచినప్పుడల్లా వాడికి నచ్చేది ఏదో ఒకటి జరగాలి. పేరు వినపడితే తిట్లో, పుస్తకమో అయితే ఎవరు మాత్రం పలుకుతారు?

మాట వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. వాడు వాడే గ్లాసు, కంచం, చెప్పులు, బాత్రూము తలుపు, రైలు బొమ్మ, వీటిని ఫోన్లో ఫొటోలు తీసి ప్రింటు వేయించి అట్ట మీద అంటించండి. బజార్లో దొరికే బొమ్మల చార్టులో గ్లాసు వాడి గ్లాసు కాదు. ఏం కావాలో వేలితో చూపిస్తే వెంటనే ఇవ్వండి, పేరు మీరు పలకండి. ఇలా బొమ్మలు అలవాటు చేస్తే మాట్లాడ్డం మానేస్తాడని భయపెడతారు. అదీ నిజం కాదు, చాలామందికి బొమ్మలు మాటకు సాయమే అయ్యాయి. తర్వాత కావాలంటే, బొమ్మ నొక్కితే మాట పలికే అవాజ్ లాంటి యాప్‌లు ఉన్నాయి, చెన్నైలో తయారైంది అది. ముందు అట్ట ముక్కలు చాలు.

రథయాత్ర నాటిది మొండితనం కాదు. మొండికేసిన పిల్లవాడు మధ్యమధ్యలో మనం చూస్తున్నామా లేదా అని చూస్తాడు, కావలసింది ఇస్తే ఆపేస్తాడు. మీవాడు ఏమిచ్చినా ఆపి ఉండడు. ఘంటలు, మద్దెలలు, మైకులు, జనం తోపులాట, ఎండ, అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి, తట్టుకోలేక కుప్పకూలాడు. అలాంటప్పుడు బోధలు వద్దు, బతిమాలడమూ వద్దు. మాట తగ్గించి, వాణ్ణి ఎత్తుకుని పక్క సందులోకి వెళ్లిపోవడమే. గట్టిగా హత్తుకుంటే నిమ్మళిస్తాడో, ముట్టుకుంటే ఇంకా రేగుతాడో మీకే తెలుసు, దాన్నిబట్టి చేయండి. వచ్చే ఏడు రథం లాగే వేళకు కాకుండా, రథం ఆగి ఉన్న రోజు పొద్దున్నే జనం లేనప్పుడు తీసుకెళ్లండి. చెవులకు పెట్టుకునే ఇయర్ మఫ్స్ ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఎక్కడికి వెళ్తున్నామో ముందురోజే ఫొటో చూపించండి. చూసి పది నిమిషాల్లో వచ్చేసినా పండగ చేసుకున్నట్టే.

ఒక్క విషయం మీరు రాయలేదు: వినికిడి పరీక్ష అయిందా? పిలిస్తే పలకని పిల్లవాడికి ఆటిజం అని తేల్చినా సరే, చెవి పరీక్ష ఒకసారి సరిగ్గా చేయించి తీరాలి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ విభాగం గురించి అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పిల్లల ఎదుగుదల లోపాలు చూడడానికి పెట్టినవి అవి, డబ్బు తీసుకోరు. పెద్ద పరీక్షలకు బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ మీకు దారి. తెలుగులోనే పరీక్ష, సలహా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దూరమైనా ఒకసారి వెళ్లి రావచ్చు. ఎక్కడ చూపించినా తెలుగులో కూడా పరీక్షించమని అడగండి. ఒడియాలో మాత్రమే అడిగి "ఇన్ని మాటలే వచ్చు" అని రాస్తే అది వాడి అసలు లెక్క కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు మీరు ఉండే ఒడిశా వైపు తీసుకోండి, కార్డు దేశమంతా చెల్లుతుంది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో థెరపీకి వెళ్తున్నా పింఛను వంటివి మీ రాష్ట్రంలోనే అడగాలి. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్లో రాసిస్తే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది. దరఖాస్తు పెట్టండి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, ఆటిజం తగ్గిస్తాం అని లక్షలు అడిగే చోటికి మాత్రం వెళ్లొద్దు, అది పనిచేస్తుందన్న ఆధారం లేదు. మీ అత్తగారు తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి. దారం మెడకు గుచ్చుకుని వాడు పీక్కుంటుంటే మాత్రం దేవుడి దగ్గర పెట్టించండి.

థెరపిస్టును ఇప్పుడే మార్చనక్కర్లేదు. ఈసారి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, వాడు నాయనమ్మతో స్టేషన్లాట ఆడుతున్న రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. కొత్త గదిలో వాడు నోరు విప్పకపోవచ్చు, వీడియోలో విప్పుతాడు. ఇంట్లో తెలుగు మానలేమని మర్యాదగా చెప్పి, వాడి తెలుగు మాటలకు ఒడియా అర్థాలు రాసిన చీటీ వారికీ ఒకటి ఇవ్వండి. రెండు భాషల్లోనూ లక్ష్యాలు పెట్టమని అడగండి. అప్పటికీ కాదంటే, అప్పుడు ఇంకొకర్ని చూద్దాం.